తీతువు వెంటపడితే అపశకునమా?

ప్రశ్న: మొన్న ఆదివారం పక్షులు చూడ్డానికి మొదటిసారి ఓ గ్రూపుతో గండిపేట చెరువు అంచున నడిచాను, పద్నాలుగు మందిమి. రెండు తీతువు పిట్టలు నెత్తిమీద తిరుగుతూ ఒకటే అరుపు, ఎటు నడిస్తే అటే వచ్చాయి. ఇంట్లో చెబితే మా అత్తయ్య ‘తీతువు అరిస్తే మంచిది కాదమ్మా’ అన్నారు, అప్పటినుంచీ టెన్షన్. వచ్చే ఆదివారం మృగవని అడవికట. వలస బాతులు ఎలాగూ వెళ్ళిపోయాయి కదా, ఈ ఎండల్లో పోవడం దండగేనా?
– ఓ పాఠకురాలు, మెహదీపట్నం

జవాబు: అపశకునం మీకు కాదండీ, దానికి. గుడ్లున్న చోటికి పద్నాలుగు మంది వచ్చిపడితే అరవక ఏం చేస్తుంది! తీతువు గూడు కట్టదు. నేలమీద చిన్న గుంట, అందులో సాధారణంగా నాలుగు గుడ్లు, మచ్చలతో అచ్చం గులకరాళ్ళలా ఉంటాయి, కాలి పక్కనే ఉన్నా కనబడవు. ఎండ మండుతుంటే పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి మరీ గుడ్లను చల్లబరుస్తుంది. వేసవిలో నీళ్ళు వెనక్కి తగ్గి బయటపడే నేల దానికి పురిటిల్లు, మనవాళ్ళేమో అక్కడికే కార్లు దించి ఫోటోలు దిగుతారు (నాకు ఒళ్ళు మండేది ఇక్కడే). ఈసారి అరుపు వినగానే ఆగి, వచ్చిన దారినే వెనక్కి రండి, కాసేపటికి అదే సద్దుమణుగుతుంది.

దండగ మాత్రం కాదు. బాతులు పోతే పోయాయి, మన ఊరి పిట్టలు జతకట్టేది ఇప్పుడే. పాలపిట్ట మనకు దసరానాడే గుర్తొస్తుంది గానీ దాని అసలు విన్యాసం ఈ రోజుల్లోనే, పైకెగిరి గాల్లో పల్టీలు కొడుతూ దిగుతుంటే ఆ రెక్కల నీలం చూడాలి. అడవిలో చూసేదానికన్నా వినేదే ఎక్కువ, కాబట్టి కబుర్లు తగ్గించండి. ఫోన్‌లో కూత వినిపించి పిట్టను రప్పిద్దామని ఎవరైనా అంటే వద్దని గట్టిగా చెప్పండి, తన చోటికి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని అది గూడు వదిలేసి కొట్లాటకు వస్తుంది.

బైనాక్యులర్స్ అప్పుడే కొనకండి, పక్కవాళ్ళవి అడిగి చూడండి. తర్వాత కొనాలనిపిస్తే 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మి.మీ.) చాలు. గేటు ఎప్పుడు తెరుస్తారో ముందే కనుక్కుని, తెరవగానే లోపలికెళ్ళి తొమ్మిదికల్లా బయటపడండి, ఎండెక్కాక పిట్టలు కూడా నీడ పట్టున కిక్కురుమనకుండా కూర్చుంటాయి.