లివర్‌లో గడ్డలు... మూడు నెలలు ఆగొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అక్కకు 38 ఏళ్లు. కుడి డొక్కలో బరువుగా ఉందంటే స్కానింగ్ చేయించాం. లివర్‌లో ఏడెనిమిది గడ్డలున్నాయి, ఎక్కడి క్యాన్సరో పాకి ఉంటుందన్నారు. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ, మామోగ్రామ్ అన్నీ చేశారు, ఏమీ దొరకలేదు. చివరికి బయాప్సీలో ‘ఎపిథీలియాయిడ్ హీమాంజియోఎండోథీలియోమా’ అని వచ్చింది. ఇప్పుడేమో కీమో వద్దు, మూడు నెలలాగి మళ్లీ స్కాన్ తీద్దామంటున్నారు. క్యాన్సర్ అని చెప్పి ఊరికే కూర్చోబెడతారా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ డాక్టరు మీద కోపం తగ్గించుకోండి. సర్జన్‌ని అయ్యుండి నేనూ తొందరపడొద్దనే అంటాను. ఇది రక్తనాళాల లోపొర కణాల్లో పుట్టే అరుదైన క్యాన్సర్. చాలామందిలో కనిపించే, హాని చేయని హీమాంజియోమా కాదు. అలాగని రక్తనాళాల్లోనే పుట్టి వేగంగా ముదిరే ఆంజియోసార్కోమా అనే క్యాన్సర్ అంత దూకుడూ ఉండదు. కొందరిలో ఏ మందూ లేకుండానే ఏళ్ల తరబడి కదలదు, కొందరిలో గబగబా పెరుగుతుంది. ఒక్క స్కాన్‌తో అది తేలదు. ఆ మూడు నెలలూ అందుకే.

మొదట పాకిన క్యాన్సర్ అనుకోవడం మామూలే, ఒకేసారి అన్ని గడ్డలు కనిపిస్తాయి మరి. కాకపోతే ఇవి లివర్ అంచుకు చేరి పైపొరను లోపలికి లాగుతుంటాయి. నున్నగా ఉండాల్సిన అంచు సొట్టపోయిన గిన్నెలా కనిపిస్తుంది. నేను ఫిల్మ్‌లో ముందు వెతికేది ఆ సొట్టనే. అదొక్కటే చాలదనుకోండి, తేల్చాల్సింది బయాప్సీయే. మైక్రోస్కోప్ కింద కణంలో చిన్న ఖాళీ, అందులో ఒక్కోసారి ఒంటరిగా ఓ ఎర్ర రక్తకణం కనిపిస్తాయి.

రిపోర్టులో సీడీ31, ఈఆర్‌జీ, కామ్‌టా1 పరీక్షలు ఉన్నాయేమో చూడండి. మొదటి రెండూ రక్తనాళపు కణమని చెబుతాయి. ఈ జబ్బును గట్టిగా పట్టించేది మూడోది. అది చేయకపోతే, బయాప్సీ ముక్కను మైనంలో భద్రపరిచిన అదే బ్లాకునూ స్లైడ్లనూ సార్కోమాలు (ఎముక, కండరం, రక్తనాళాల వంటి కణజాలాల్లో పుట్టే క్యాన్సర్లు) చూసే పాథాలజిస్టుకు పంపమనండి. చాలాసార్లు మళ్లీ సూది గుచ్చే పని ఉండదు. ఊపిరితిత్తుల్లోనూ ఉండొచ్చు కాబట్టి ఛాతీ సీటీ తీశారో లేదో అడగండి.

ఒకటి రెండు గడ్డలైతే కోసి తీసేస్తాం. లివర్ అంతా ఉంటే మార్పిడి గురించి ఆలోచిస్తాం. మిగతా క్యాన్సర్లు లివర్ దాటితే మార్పిడి మాటే ఎత్తం, దీంట్లో మాత్రం కొందరికి అప్పుడూ చేస్తారు. పెరుగుతోందని తేలితే సిరోలిమస్ లాంటి మందులున్నాయి.

ఈలోగా ఆయాసం, జ్వరం, నొప్పి ఎక్కువైనా, బరువు తగ్గుతున్నా గడువు దాకా ఆగకండి. మళ్లీ స్కాన్‌కు వెళ్లేటప్పుడు పాత స్కాన్ సీడీ పట్టుకెళ్లండి. రిపోర్టులోని కొలతలు చాలవు, రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి చూడమనండి.