క్వారీ గుట్ట ఎక్కకముందే: సర్పంచి అమ్మాయికి పెదనాన్న లేఖ

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మన గుట్ట మీద నల్లరాయి క్వారీకి దరఖాస్తు పడిందని, ఊళ్ళో సగం మంది "రానీ, పనులొస్తాయి" అంటున్నారని, తక్కినవాళ్ళు "బోర్లు ఎండిపోతాయి, దుమ్ము పడుతుంది" అంటున్నారని రాశావు. ఇద్దరి మాటా నిజమే. వచ్చే దుడ్డులో ఊళ్ళో ఎంత నిలుస్తుందో తేలేది మొదటి బండ లారీ ఎక్కకముందే. ఆ తరవాత నువ్వు ఎంత అరిచినా క్వారీవాళ్ళకి పని ఆగదు, నీకు రాతలో హామీ రాదు.

మొదట పనుల సంగతి. ఎక్స్‌కవేటరు, డైమండ్ వైరు రంపం, రెండు కంప్రెసర్లు ఉండే క్వారీకి పాతిక ముప్పై మంది చాలు. వాళ్ళలోనూ ఆపరేటరు, బ్లాస్టరు (పేలుళ్ళు చేసేవాడు), మేట్ (కూలీల పని చూసే మేస్త్రీ) పనులకు సర్టిఫికెట్టు కావాలి. అది మన పిల్లల దగ్గర లేకపోతే తమిళనాడు నుంచో కర్ణాటక నుంచో మనుషులొస్తారు, మనకు వాచ్‌మన్ పని, ఊడ్చే పని మిగులుతాయి. దరఖాస్తు పడిన దగ్గర్నుంచి లీజు, పర్యావరణ అనుమతి, పేలుడు సామగ్రి లైసెన్సు అన్నీ వచ్చేసరికి ఏడాది, రెండేళ్ళు పట్టేస్తుంది. ఆ వ్యవధే నీ చేతిలో ఉన్న ఆస్తి. ఐదారుగురు కుర్రాళ్ళని ఇప్పుడే ఐటీఐలో డీజిల్ మెకానిక్, వెల్డరు, ఎలక్ట్రీషియన్ ట్రేడుల్లో చేర్పించు. ఇద్దర్ని ఎక్స్‌కవేటరు నేర్చుకోడానికి పంపు. రాయి అయిపోయినా ఆ పనులు ఎక్కడైనా అన్నం పెడతాయి.

జీతాలకన్నా ఎక్కువ దుడ్డు క్వారీ ఖర్చుల్లో తిరుగుతుంది. మన ఊళ్ళు అక్కడే కళ్ళు మూసుకుంటాయి. ఎక్స్‌కవేటరుకి హైడ్రాలిక్ హోస్ పైపులు ఎప్పుడో ఒకప్పుడు పగులుతూనే ఉంటాయి. పగిలిన రోజు కొత్త పైపు బిగించేదాకా మిషను మూలపడుతుంది. ఊరికి దగ్గర్లో, పైపు చివర ఫిట్టింగు నొక్కి బిగించే క్రింపింగ్ మిషను పెట్టుకుని, ఆ బండికి సరిపోయే అర, ముప్పావు, అంగుళం సైజు పైపులు, ఫిట్టింగులు నిల్వ ఉంచిన అంగడి ఉంటే వాళ్ళు కుప్పం దాకా ఎందుకు పోతారు? అదే అంగడిలో రాయికి రంధ్రాలు వేసే జాక్‌హామర్ రాడ్ల మొనలు సానపట్టడం, తెగిన రంపం వైరుకి అతుకు వేయడం, టైరు పంక్చర్లు కూడా పెట్టుకోవచ్చు. నీళ్ళ ట్యాంకరు, ట్రాక్టరు బాడుగ, కూలీల భోజనాలు కూడా లెక్కలోకి వచ్చేవే. భోజనాలు పొదుపు సంఘం ఆడవాళ్ళు చేపడితే పాలు, గుడ్లు, కూరగాయలు ఊళ్ళోనే కొంటారు.

ఇక్కడ చెడేది బిల్లు దగ్గర. చిన్న సరఫరాదారుకి మూడు నెలలు డబ్బు ఆపడం ఈ వ్యాపారంలో అలవాటు. వంటకి అప్పు తెచ్చిన సంఘం రెండో నెలకే చేతులెత్తేస్తుంది. అందుకని మొదటి రోజే చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషను చేయించు, ఖర్చు లేదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి, తప్పితే బ్యాంకు రేటుకి మూడింతల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. ఒక మెలిక ఉంది: వట్టి కొని అమ్మే వ్యాపారం అని నమోదైతే ఈ రక్షణ దొరకదు. క్యాంటీను నడపడం, రిపేరు చేయడం లాంటి సేవగా నమోదు చేయించు. పాల డబ్బాలు సరఫరా అని రాయించకు. ప్రతి సరుకుకీ సంతకమున్న చలానా దాచమను. అది లేకుండా ఎక్కడికి పోయినా నిన్ను నమ్మేవాళ్ళుండరు.

ఇక పంచాయతీకి వచ్చే డబ్బు. రాయి మీద ప్రభుత్వం వసూలు చేసే సీనరేజిలో స్థానిక సంస్థల వాటా ఒకటి. జిల్లా ఖనిజ నిధి ఇంకొకటి. 2015లో గనుల చట్టాన్ని సవరించి ఈ నిధి పెట్టారు. ఇనుము లాంటి పెద్ద ఖనిజాలకైతే రాయల్టీ మీద, వేలంలో దక్కిన లీజుకి 10 శాతం, 2015 జనవరి 12కి ముందటి లీజుకి 30 శాతం చొప్పున కంపెనీ అదనంగా కట్టాలి. మన నల్లరాయి, అంటే గ్రానైటు, చిన్న ఖనిజం కింద వస్తుంది కాబట్టి రేటు రాష్ట్ర నిబంధనల్లో ఉంటుంది, గనుల శాఖ ఆఫీసులో రాతపూర్వకంగా అడుగు. 2024లో మార్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గని నుంచి 15 కిలోమీటర్ల లోపలున్నవి నేరుగా ప్రభావితమైన ప్రాంతాలు, నిధిలో కనీసం 70 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు, పారిశుధ్యం లాంటి ముఖ్య పనులకే పెట్టాలి. కలెక్టరు దగ్గరికి ఖాళీ చేతుల్తో పోయి "మా ఊరికి ఏదన్నా ఇవ్వండి" అంటే సానుభూతి దొరుకుతుంది, నిధి దొరకదు. గ్రామసభ తీర్మానం, పంచాయతీరాజ్ ఇంజినీరు వేసిన అంచనా, స్థలం సర్వే నంబరు మూడూ కలిపి ఫైలు చేసి పో. మొదటి ఫైలు తాగునీటిదే పెట్టు, దానికి ఎవరూ అడ్డు చెప్పలేరు.

క్వారీ యజమాని గుడికి రంగు వేయిస్తే, జాతరకి చందా ఇస్తే దాన్ని ఊరికి వచ్చిన వాటా అనుకునేవాళ్ళు చాలామంది. రంగు వద్దనను, తీసుకోండి. వాటా లెక్కలో మాత్రం కలపొద్దు. కంపెనీల చట్టంలోని సామాజిక బాధ్యత నిధి మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం, అదీ ఏడాదికి 5 కోట్ల లాభమో, 500 కోట్ల నికర విలువో, 1000 కోట్ల టర్నోవరో ఉన్న కంపెనీకే. మన గుట్టకి వచ్చే పార్టీకి ఆ బాధ్యత తగలకపోవచ్చు, దాని మీద ఆశ పెట్టుకోకు.

ప్రజాభిప్రాయ సేకరణ వస్తే అది నీకు అన్నిటికన్నా గట్టి ఆయుధం. క్వారీ విస్తీర్ణం 5 హెక్టార్లు దాటినా, 500 మీటర్ల లోపలి పక్క క్వారీలతో కలిపి అంత దాటినా, 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషను ప్రకారం జరగాలి. 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో పంచాయతీ ఆఫీసులో ఉంచాలి. ఆ రోజు కేకలు వేసి మైకు లాక్కుంటే వీడియోలో గొడవ మాత్రమే మిగులుతుంది. పది పాయింట్లు రాసుకుని, ఒక్కొక్కరు ఒక్కో పాయింటు, లెక్కతో సహా చదవండి. అక్కడ కంపెనీ ఇచ్చిన హామీ ఖర్చు అంకెతో పర్యావరణ ప్రణాళికలోకి ఎక్కుతుంది. తరవాత ఆరు నెలలకోసారి, జూన్ 1కీ డిసెంబర్ 1కీ, వాళ్ళు అమలు నివేదిక ఇవ్వాలి. ఆ తేదీలు క్యాలెండర్లో గీసి పెట్టుకో.

ఆ పదిలో రోడ్డు తప్పక ఉండాలి. లెక్క వేసి చూడు. 2.4 మీటర్ల పొడుగు, 1.5 వెడల్పు, 1.2 ఎత్తున్న రాతి దిమ్మె 4.3 ఘనపు మీటర్లు. మన నల్లరాయి ఘనపు మీటరు 3 టన్నులకు అటూ ఇటూ, అంటే ఒక్క దిమ్మె 13 టన్నులు. రెండెక్కిస్తే బండి బరువు కాక 26. మన ఊరి తారు రోడ్డు, దాని కల్వర్టులు ట్రాక్టర్ల కోసం వేసినవి. ఒక్క వానాకాలానికి అంచులు చిట్లిపోతాయి. వేరే దారి వేసుకోవడమో, ఈ రోడ్డునే బలపరచడమో లారీలు కదలకముందే కావాలని రాయించు. తరవాత బాగు చేయిస్తాం అంటే నమ్మొద్దు.

దుమ్ము సంగతి మన పంటలతో ముడిపెట్టి చెప్పు, లేకపోతే ఎవరికీ పట్టదు. దారి పక్క మల్బరీ ఆకు మీద రాతి పొడి పడితే పట్టుపురుగు ఆ ఆకు సరిగా మేయదు, గూళ్ళు పలచబడతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మామిడి పూత మీద పడితే కాపు నిలబడదు. రోజుకి ఎన్ని పూటలు ట్యాంకరుతో దారి తడపాలో, ఆ మూడు నెలల్లో ఎన్ని తడపాలో అంకెతో రాయించు. డ్రిల్లింగు నీళ్ళతోనే చేయాలి. పొడి డ్రిల్లింగు చేసే కుర్రాడి ఊపిరితిత్తులు ఆ పొడికి గట్టిపడిపోతాయి, నయం చేసే మందు లేదు. పనిలో చేరేముందు ఛాతీ ఎక్స్‌రే తీయించి, ఒక కాపీ ఇంట్లో పెట్టుకోమను. పరిహారం అడిగే రోజు వస్తే ముందు బాగున్నాడని చూపేది అదే.

ఒక్క దిమ్మె చేతికొచ్చేలోపు బోలెడు రాయి పగిలి వృథా అవుతుంది. ఆ గుట్టలు వాగులో పోయనివ్వకు, వాన రాగానే చెరువు పూడిపోతుంది. కంచె రాళ్ళు కొట్టుకోడానికీ, కంకరకీ ఊరివాళ్ళకి ఆ రాయిలో మొదటి హక్కు అడుగు. దిమ్మెని ఇక్కడే కోసి పాలిషు చేసే యూనిట్టు వస్తే ఇంకా మేలు. ఘనపు మీటరుకి లెక్క ప్రకారం రెండు సెంటీమీటర్ల పలకలు 50 చదరపు మీటర్లు రావాలి, రంపం మందమూ పగుళ్ళూ పోను మూడింట రెండు వంతులు దక్కితే మంచిదే. ఆ కూలీ అంతా ఇప్పుడు బయటికి పోతోంది.

ఎన్నాళ్ళుంటుందో కూడా మరిచిపోవద్దు. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. గుడుపల్లె దగ్గర చిగురుగుంట గని కూడా ఆ కాలంలోనే ఆగింది. గని ఊళ్ళలో ఇప్పుడు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనులకి పోయేవాళ్ళే ఎక్కువ. అందుకే పాల కేంద్రాన్ని, మల్బరీ తోటల్ని వదిలేసి అందరూ లారీలు కొనుక్కుంటామంటే ఆపు. తవ్విన గుంటకి కంచె ఆఖర్న కాదు, ఏడాదికేడాది గుంటతో పాటు పెరగాలి. నీళ్ళు నిలిచిన క్వారీ గుంటలో ఈతకి దిగిన పిల్లలు తిరిగి రారు, అంచు నిలువుగా ఉంటుంది, పైకెక్కడానికి పట్టు దొరకదు.

ఇవన్నీ ఒకెత్తు, ఈ నెల్లోనే చేయాల్సింది ఒకటుంది. గుట్ట చుట్టూ ఉన్న ప్రతి బోరు లోతు, నీటిమట్టం, రోజుకి ఎన్ని గంటలు పారుతుందో ఒక నోటుబుక్కులో రాయించు, రైతు సంతకంతో. ఇంటి గోడల పగుళ్ళకి తేదీ పడేలా ఫొటోలు తీయించు. పేలుడు వల్లే పగిలిందనీ, బోరు క్వారీ వల్లే ఎండిందనీ చెప్పాలంటే ముందెలా ఉండేదో చూపాలి. ఈ మే నెల నీటిమట్టం రాయకపోతే మళ్ళీ వచ్చే మే దాకా ఆగాలి, అప్పటికి క్వారీ మొదలైపోయినా పోవచ్చు.

నీ పెదనాన్న