సమాధానం: సాండాలో మెడ పట్టిన ప్రతిసారీ నేనే ఎందుకు పడుతున్నాను?

ముయ్ థాయ్ (థాయ్‌లాండ్ కిక్‌బాక్సింగ్) నుంచి సాండాకి (గుద్దులు, తన్నులతో పాటు పడేయడం కూడా ఉండే చైనా పోరాట క్రీడ) మారాక, ఎదుటివాడి మెడని రెండు చేతులతో బిగించిన ప్రతిసారీ మీరే కింద పడుతున్నారని రాశారు. లోపం బలంలో లేదు, పట్టులో ఉంది. ముయ్ థాయ్‌లో ఆ పట్టు మోకాలి దెబ్బ కోసం. మామూలు అమెచ్యూర్ సాండాలో మోకాలు, మోచెయ్యి రెండూ వాడకూడదు. అంటే మీ చేతులు పైన పనిలేకుండా ఉంటాయి, కింద మీ నడుము వాడికి దొరికిపోతుంది.

దగ్గరకి రాగానే ఒక చెయ్యి వాడి చంక కిందుగా దూర్చి వీపుకి ఆనించండి. రెండో చేత్తో వాడి రెండో చెయ్యిని మోచేతి పైన పట్టి మీ ఒంటికేసి లాగండి. తల వాడి దవడ పక్కన ఆనాలి. నేల చూశారా, అయిపోయినట్టే! అసలు కిటుకు నడుము దగ్గరుంది. టెన్షన్‌లో చాలామంది నడుము వెనక్కి పెడతారు, కాళ్లు తేలిపోతాయి. మోకాళ్లు వంచి, మీ తుంటిని వాడి తుంటి కంటే కిందకి, బాగా దగ్గరకి తీసుకెళ్లండి. వాడు ఎదురు నెట్టిన క్షణంలోనే పక్కకి తిప్పేయండి.

మీరు నిలబడి వాడు పడితే 2 పాయింట్లు. పట్టుకుని ఊరికే నిలబడితే మాత్రం రిఫరీ వెంటనే విడదీస్తాడు.

షువాయ్ జియావ్ (జాకెట్ వేసుకుని ఆడే చైనా కుస్తీ) నేర్పేవాళ్లు దగ్గర్లో ఉంటే వెళ్లండి. వాళ్ల జాకెట్ పట్టులు గ్లవ్స్‌తో పనికిరావు గానీ, కాలు అడ్డుపెట్టి పడేసే పద్ధతులు బాగా పనికొస్తాయి. ముందు దెబ్బల్లేకుండా పట్టు ఒక్కటే సాధన చేయండి, అదీ మ్యాట్ మీదే.