"మేం పిలుస్తూనే ఉన్నాం, ఆవిడే రారండీ": కేర్ హోమ్ రోజుల గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడం, మా అమ్మకి 81 ఏళ్లు. తుంటి ఎముక విరిగాక ఇంట్లో చూసుకోలేక కేర్ హోమ్‌లో చేర్పించాం. మంచి హోమే, రోజూ ఏదో ఒక ప్రోగ్రామ్ ఉంటుంది, పాటలు, కుర్చీలో కూర్చుని చేసే ఎక్సర్‌సైజులు, తంబోలా, బొమ్మలకి రంగులు వేయడం. అమ్మ మాత్రం దేనికీ వెళ్లదు, రూమ్‌లోనే గోడకి తిరిగి పడుకుంటుంది. స్టాఫ్‌ని అడిగితే "మేం పిలుస్తూనే ఉన్నాం, ఆవిడే రారండీ" అంటున్నారు. 30 ఏళ్లు టైలరింగ్ చేసి మమ్మల్ని పెంచింది, ఖాళీగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. బలవంతంగా తీసుకెళ్లమని చెప్పాలా, వదిలేయాలా?

జవాబు: బలవంతం వద్దమ్మా, అలాగని వదిలేయనూ వద్దు. ముందు ఆ "రాను" వెనక ఏముందో చూడండి, ఎందుకంటే చాలాసార్లు అది ఇష్టం లేక కాదు. హాల్లో మైకు, ఫ్యాన్ల మోత, పది మంది మాటలు కలిసిపోతే వినికిడి తగ్గినవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు, అర్థం కాకుండా నవ్వుతూ కూర్చోవడం కన్నా రూమే నయం అనిపిస్తుంది. మధ్యలో బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తే ఎవరు తీసుకెళ్తారు అన్న భయం ఉంటుంది, అది నోరు తెరిచి చెప్పరు. తుంటి నొప్పి ఏ టైంలో ఎక్కువుంటుంది, మాత్ర ఎప్పుడు వేస్తున్నారు కనుక్కోండి. తిండి తగ్గి, నిద్ర పట్టక, దేని మీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు దాటితే మాత్రం డాక్టర్‌కి చూపించండి, డిప్రెషన్‌ని వయసు ఖాతాలో వేసేస్తుంటారు, అది చాలా అన్యాయం.

ఇక అసలు సంగతి. జీవితమంతా తన చేతి పని మీద బతికిన మనిషికి అచ్చేసిన బొమ్మ ఇచ్చి రంగులు వేయమంటే ఆవిడకేమనిపిస్తుంది చెప్పండి? ఆవిడకి కావాల్సింది టైంపాస్ కాదు, తను చేస్తేనే జరిగే పని ఒకటి. హోమ్‌లో ఊడిన గుండీలు, చిరిగిన దిండు గలీబులు ఎన్నో ఉంటాయి, సూది విషయంలో భయపడితే స్టాఫ్ దగ్గరే పెట్టి లెక్కగా ఇచ్చి తీసుకోమనండి. కుట్టు నేర్చుకోవాలని ఉన్న ఆయా ఎవరైనా ఉంటే ఇంకా మంచిది, నేర్పించడం కోసం ఆవిడే ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇది నేను ఊరికే చెప్పడం లేదు. ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1976లో అమెరికాలోని ఒక కేర్ హోమ్ గురించి రాశారు. ఒక అంతస్తు వాళ్లకి మీ రూమ్ ఎలా సర్దుకోవాలో, టైం ఎలా గడపాలో మీ ఇష్టం అని చెప్పి, ఒక్కో మొక్క ఇచ్చి మీరే చూసుకోండి అన్నారు. ఇంకో అంతస్తు వాళ్లకీ మొక్కలిచ్చారు గానీ నీళ్లు నర్సులే పోస్తారు, మీ బాగోగులు మేం చూసుకుంటాం అన్నారు. మొదటివాళ్లు హుషారుగా ఉన్నారు, నలుగురిలో కలిశారు. 18 నెలల తర్వాత చూస్తే మొదటి గుంపులో 15 శాతం మంది, రెండో గుంపులో 30 శాతం మంది చనిపోయి ఉన్నారు. వంద మంది కూడా లేని గుంపు కాబట్టి ఆ చావుల లెక్కని మరీ పట్టుకోవద్దు, కానీ "మేం చూసుకుంటాంలెండి" అన్న మంచి మాట కూడా మనిషిని కుంగదీస్తుందని నాకు దీంతో బాగా అర్థమైంది.

స్టాఫ్‌తో ఇంకొక్క మాట చెప్పండి, "వస్తారా" అని అడిగితే "రాను" అనడం తేలిక, "పొద్దున కూర్చుందామా సాయంత్రమా, వరండాలోనా లోపలా" అని అడగమనండి. ముందే పాతిక మంది మధ్యలోకి వద్దు, పక్క రూమ్ ఆవిడ ఒక్కరితో మొదలుపెట్టండి చాలు.

ప్రశ్న: నేను ఒక హోమ్‌లో ఆయాగా చేస్తున్నా మేడం. 20 మందికి పగలు ముగ్గురమే. స్నానాలు, తిండి, మందులు అయ్యేసరికి మా పని అయిపోతుంది, యాక్టివిటీస్ ఎప్పుడు చేయించాలి? టీవీ పెట్టి వదిలేస్తున్నాం, బాధగానే ఉంటుంది. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న నలుగురు సాయంత్రం కాగానే ఇంటికి పోతా అని గేటు దగ్గరికెళ్లి ఏడుస్తారు.

జవాబు: నీ బాధ నిజమైంది తల్లీ, ముగ్గురు సరిపోరు, అది మేనేజ్‌మెంట్ సరిచేయాల్సిన విషయం, నీ తప్పు కాదు. కానీ యాక్టివిటీ అంటే వేరే గంట తీయాలని ఎవరు చెప్పారు? తల దువ్వేటప్పుడు రెండు మాటలు, ఏ చీర కట్టుకుంటారని అడగడం, ఉతికిన టవళ్లు వాళ్ల ముందు పెట్టి మడత పెట్టించడం, ఇవన్నీ అదే. సరిగ్గా మడత రాలేదని వాళ్ల కళ్లముందే మళ్లీ మడవకు. ఒక్కొక్కరికి ఒక పేజీ రాసి మంచం దగ్గర పెట్టు, ఏం పని చేసేవారు, ఏ పాటలిష్టం, ఏమని పిలిస్తే పలుకుతారు, ఇంట్లోవాళ్లనడిగితే చెప్తారు.

డిమెన్షియా ఉన్నవాళ్లని "నేనెవరో చెప్పండి చూద్దాం" అని పరీక్ష పెట్టకండి, అస్సలు వద్దు. బ్రిటన్‌లో జబ్బు మరీ ముదరని వాళ్లకి వారానికి రెండుసార్లు, 45 నిమిషాల చొప్పున 7 వారాలు చిన్న గుంపుల్లో కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతిని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు, జ్ఞాపకశక్తి, ఆలోచన కాస్త మెరుగయ్యాయి. అందులో నాకు నచ్చింది ఏంటంటే గుర్తుందా అని అడగరు, మీకేమనిపిస్తుంది అని అడుగుతారు, అభిప్రాయానికి తప్పు ఒప్పు ఉండదు కదా.

సాయంత్రం గొడవకి చీకటి పడకముందే లైట్లు వేయండి, టీవీ ఆపేయండి, దాహమో నొప్పో బాత్రూమ్ అవసరమో చూడండి. "ఇదే మీ ఇల్లు" అని వాదించకుండా "మీ ఇంట్లో ఎవరెవరుంటారు" అని అడిగి, చేయి పట్టుకుని కాసేపు నడిపించి తీసుకురా.

ప్రశ్న: మా నాన్నగారికి 76. అమ్మ పోయి ఐదేళ్లయింది. హోమ్‌లో ఒక పెద్దావిడతో బాగా స్నేహం కుదిరింది, భోజనం కలిసే, వాకింగ్ కలిసే. మా చెల్లి పరువు పోతోందంటోంది. ఆవిడ రూమ్ దూరంగా మార్చమని మేనేజర్‌కి చెప్దామనుకుంటున్నాం.

జవాబు: చెప్పకండి బాబూ. ఇద్దరికీ మతి స్పష్టంగా ఉంది, ఇద్దరికీ ఇష్టమే అయితే అందులో మీరు నిర్ణయించాల్సింది ఏమీ లేదు. ఆ వయసులో కొత్త మనిషితో మనసు విప్పి మాట్లాడటం ఎంత కష్టమో, అది దొరికితే తీసేస్తారా? ఇద్దరిలో ఎవరికైనా డిమెన్షియా ఉంటే, లేదా ఒకరికి ఇబ్బందిగా ఉన్నట్టు కనిపిస్తే అప్పుడు హోమ్‌తో మాట్లాడండి, అది వేరే విషయం. ఈసారి వెళ్లినప్పుడు ఆవిడకి నమస్కారం పెట్టి మీరూ పక్కన కూర్చోండి.

ప్రశ్న: నేనే హోమ్‌లో ఉంటున్నానమ్మా, రిటైర్డ్ టీచర్‌ని. మా రోజు ఎలా ఉండాలో అన్నీ ఆఫీసులోనే తేలిపోతాయి. ఒక కుక్కపిల్లని పెంచుకుందాం, కాలేజీ పిల్లల్ని రానిద్దాం అంటే నవ్వేశారు.

జవాబు: నవ్వాల్సిన విషయం కాదు అమ్మగారూ. 1991లో బిల్ థామస్ అనే డాక్టర్ న్యూయార్క్ రాష్ట్రంలో తను చూసే హోమ్‌లోకి రెండు కుక్కల్ని, నాలుగు పిల్లుల్ని, వంద దాకా పక్షుల్ని తెప్పించాడు. అక్కడివాళ్లని తినేస్తున్నవి ఒంటరితనం, నిస్సహాయత, విసుగు అని ఆయన నమ్మకం. నెదర్లాండ్స్‌లో డెవెంటర్ అనే ఊళ్లో ఒక హోమ్‌లో స్టూడెంట్స్ అద్దె లేకుండా ఉంటారు, బదులుగా నెలకి 30 గంటలు పెద్దవాళ్లతో గడుపుతారు.

మీరు ఒక్కరే అడిగితే కోరిక కింద కొట్టేస్తారు, నివాసుల కమిటీ పెట్టండి. అమెరికాలో 1987 చట్టం ఇలాంటి సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చింది, మీ దగ్గర చట్టం ఉన్నా లేకపోయినా పదిమంది సంతకాలుంటే ఏ మేనేజరైనా వింటారు. మంచం మీద ఉన్నవాళ్ల మాట కూడా రూమ్‌కెళ్లి రాసుకోండి. మొదటి మీటింగ్‌లో కుక్కపిల్ల వద్దు, అలెర్జీలు, పడిపోయే భయాలు చర్చకొస్తాయి, ఎవరు చూసుకుంటారో ముందు మీలో మీరు తేల్చుకోవాలి. కాలేజీ పిల్లల సంగతితో మొదలుపెట్టండి, ఒక కాగితం మీద అడిగింది, ఏ తారీఖులోపు జవాబు చెప్తారన్నది రాయించి మేనేజర్ సంతకం తీసుకోండి.