పెళ్లి ఫుటేజీ, నత్తనడక ఎస్‌ఎస్‌డీ

ప్రశ్న: తెనాలిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. నిరుడు 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (ఫ్లాష్ చిప్పుల్లో ఫైళ్లు దాచే వేగమైన డ్రైవ్) వేయించాను, క్యూఎల్‌సీ రకం. మొదట్లో కాపీ పరుగులు పెట్టేది. ఇప్పుడు కెమెరా కార్డులోని 40 జీబీ ఎక్కిస్తుంటే సగంలోనే సెకనుకు 80 ఎంబీకి పడిపోతోంది. డ్రైవ్‌లో ఇంకా 60 జీబీ ఖాళీ ఉంది. ‘‘దీనికి సొంత మెమరీ లేదు, మీ ర్యామ్ తినేస్తోంది. తీసి యూఎస్‌బీ డబ్బాలో పెట్టుకోండి’’ అంటున్నాడు షాపతను. నా ర్యామ్ 8 జీబీయే. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ర్యామ్ టెన్షన్ వదిలేయండి. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే చిట్టా ప్రతి ఎస్‌ఎస్‌డీకీ కావాలి. సొంత డీర్యామ్ (లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) ఉన్నవాటిలో 1 టీబీకి సుమారు 1 జీబీ దానికే పెడతారు. మీది డీర్యామ్ లేని చవక రకం, అందుకే కంప్యూటర్ ర్యామ్‌లో కొంచెం అప్పు తీసుకుంటుంది. విండోస్‌లో అది మామూలుగా 64 ఎంబీ, కొత్త వెర్షన్లలో కొన్ని డ్రైవ్‌లకు 200 ఎంబీ దాకా. మీ 8 జీబీలో మూడు శాతం కూడా కాదు. యూఎస్‌బీ డబ్బాలో పెడితే ఆ అప్పూ పుట్టదు, చిన్న ఫైళ్ల పని ఇంకా నెమ్మదిస్తుంది. షాపతని మాట వినకండి.

అసలు తంటా ఆ 60 జీబీ దగ్గరే. క్యూఎల్‌సీలో ఒక్కో గదిలో నాలుగు బిట్లు పడతాయి, కానీ అలా రాయడం నిదానం. అందుకని ఖాళీ గదుల్లో ముందు ఒక్కో బిట్టే గబగబా రాసేసి, తర్వాత తీరిగ్గా నాలుగేసి బిట్లుగా సర్దుకుంటుంది. అంటే 1 జీబీకి 4 జీబీల చోటు. మీ 60లో ఆ వేగం మహా అయితే 15 జీబీల వరకే.

పైగా ఫ్లాష్‌లో ఒక్క అక్షరం చెరిపి దిద్దడం కుదరదు, పలకంతా తుడవాల్సిందే. ఉంచాల్సినవి ఇంకో పలకకు ఎక్కించాకే ఇది తుడవాలి. ఖాళీ పలకలు తక్కువైతే మీ కాపీ, ఆ సర్దుడు ఒకేసారి పడి కొట్టుకుంటాయి. ఇలాంటి డ్రైవ్‌ను నేనే ఒకసారి పాడైందనుకుని వారంటీకి పంపబోయాను. 200 జీబీ ఖాళీ చేసి రాత్రంతా ఆన్‌లో ఉంచితే పొద్దున్నకి దారికొచ్చింది.

మీరూ పాత పెళ్లిళ్లను రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించి, తెరిచి చూసుకున్నాకే ఇక్కడ డిలీట్ చేయండి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. ఆపైన ‘ఆప్టిమైజ్ డ్రైవ్స్’ తెరిచి ఆప్టిమైజ్ నొక్కితే, ఏ చోటు ఖాళీ అయిందో విండోస్ డ్రైవ్‌కు చెబుతుంది. దాన్నే ట్రిమ్ అంటారు. అది అయ్యాక పోయిన ఫైలు రికవరీ దాదాపు దొరకదు, పెళ్లివాళ్లకు మీరే జవాబు చెప్పుకోవాలి.