పెళ్ళిరోజుకి బెంగళూరు, మావారికి మంగళగిరి చీర

మీరు అడిగింది ఇదీ: మీవారికి చీర కట్టుకోవడం ఇష్టం, నాలుగేళ్ళుగా ఇంట్లో తలుపులేసుకుని సాగుతోంది, ఈసారి పెళ్ళిరోజుకి ఏదైనా సిటీకి వెళ్ళి రెండు రోజులు అలాగే బయట తిరుగుదామంటున్నారు. మీకు కాదనాలనీ లేదు, ధైర్యమూ చాలడం లేదు. ఏ ఊరు వెళ్ళాలి, ఎలా ప్లాన్ చేసుకోవాలి అని.

మేం రెండుసార్లు వెళ్ళాం, రెండుసార్లూ బెంగళూరుకే. మొదటిసారి పోట్లాడుకుని వచ్చాం. రెండోసారి బాగుంది. అందుకే రాస్తున్నా.

మాది తిరుపతి. మా ఊళ్ళో మగాడు చీర కట్టడం కొత్తేం కాదు. మే నెలలో గంగమ్మ జాతరప్పుడు వచ్చి చూడండి, తాతయ్యగుంట గుడి చుట్టూ మీసాలున్నవాళ్ళు కూడా చీర కట్టి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటుంటారు. మావారికి పదకొండేళ్ళప్పుడు మొదటిసారి చీర కట్టింది మా అత్తగారే. బుగ్గన చుక్క పెట్టి ఫొటో కూడా తీయించారు, అది ఇప్పటికీ హాల్లో గోడకి ఉంది. అదే చీర జూన్‌లో కడితే ఇల్లు రెండు ముక్కలవుతుంది. వారం రోజులు భక్తి, మిగతా యాభై ఒక్క వారాలు పరువు!

ఆయన తనని ఆడమనిషి అనుకోరు. ఆఫీసు, బండి, క్రికెట్ అన్నీ మామూలే. చీర కట్టుకుంటే మనసు నెమ్మదిస్తుందంటారు. ఎందుకు అని నేను తవ్వి తవ్వి అడిగాను కొన్నాళ్ళు. ఆయనకే తెలియని సంగతి నాకేం చెప్తారు, వదిలేశాను.

ఊరి విషయానికొస్తే, చెన్నై మాకు మూడు గంటలే. కానీ ఆ ఉక్కలో విగ్గు పెట్టుకుని ఫౌండేషన్ వేసుకుంటే గంటలో మొహమంతా కారిపోతుంది. పైగా మా చిన్నత్తగారు ఉండేది అక్కడే. హైదరాబాద్ సంగతి చెప్పక్కర్లేదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి డిసెంబరులో మధ్యాహ్నం కూడా పెద్దగా చెమట పట్టదు, మేకప్‌కి అంతకంటే ఏం కావాలి. ఒక్కటే ఇబ్బంది, అక్కడ మనవాళ్ళు కొల్లలు. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా తెలుగే వినిపిస్తుంది, అందులో ఒకడు తప్పకుండా మీ పెద్దమ్మ మనవడి రూమ్మేటు అయి ఉంటాడు. మేం బసవనగుడి, మల్లేశ్వరం, కస్తూర్బా రోడ్డు చుట్టుపక్కలే తిరిగాం.

మొదటి ట్రిప్పు ఎందుకు చెడిందో చెప్తాను, ఎందుకంటే మీరూ అదే చేయబోతున్నారని మీ ప్రశ్నలోనే కనిపిస్తోంది. "ఆయనకి ఏమీ కాకుండా చూసుకోవడం ఎలా" అని అడిగారు చూడండి, నేనూ సరిగ్గా అదే ఆలోచనతో బయల్దేరాను. రోజంతా ఆయన వెనక ఒక అడుగు దూరంలో నడిచాను. ఎదురొచ్చే ప్రతి మొహమూ చూశాను, ఎవరు చూస్తున్నారు, ఎవరు నవ్వుతున్నారు, ఎవడు ఫోన్ తీస్తున్నాడు. లాల్‌బాగ్‌లో ఆ పెద్ద బండ ఎక్కాం, మూడు వందల కోట్ల ఏళ్ళ నాటి రాయి అంటారు. ఆయన పైట గాలికి ఎగురుతుంటే మురిసిపోతున్నారు, నేను మాత్రం కింద కాలేజీ పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కపెడుతున్నాను. మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినలేదు. సాయంత్రం రూముకొచ్చాక ఆయన "ఎంత బాగుందో కదా" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు బాగుంది, నేను వాచ్‌మన్ డ్యూటీ చేశాను" అన్నాను. పెళ్ళిరోజు రాత్రి చెరో వైపు తిరిగి పడుకున్నాం.

మర్నాడు కారులో వచ్చేటప్పుడు కోలారు దాటేదాకా మాటల్లేవు. ముళబాగిలులో దోసె కోసం ఆపాం. ఆ దోసె మందంగా ఉంటుంది, అంచు కరకరలాడుతుంది, తినడానికి టైం పడుతుంది. అక్కడే మాట్లాడుకున్నాం. మేం ఒప్పుకున్నదల్లా ఏమిటంటే, వచ్చేసారి పగలు ఆయనది, సాయంత్రం నాది. పగలు ఆయన ఇష్టం, సాయంత్రం ఆయన ప్యాంటు చొక్కా వేసుకుని నేను ఎక్కడికంటే అక్కడికి రావాలి. రెండోది, నేను "తలనొప్పిగా ఉంది" అన్నానంటే ఎక్కడున్నా సరే, ఎందుకు, ఏమిటి అని అడక్కుండా రూముకి వెళ్ళిపోవాలి. ఆ మాట చేతిలో ఉంటే చాలు, వాడాల్సిన అవసరమే రాదు. రెండో ట్రిప్పులో నేను ఒక్కసారి కూడా అనలేదు.

నా సాయంత్రాలు ఏం చేశానంటారా? గాంధీబజారులో విద్యార్థి భవన్‌కి వెళ్ళాను. 1943 నుంచి ఉన్న హోటల్, ఎప్పుడూ రద్దీ, ఒకే బల్ల దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్ళ ఎదురుగా కూర్చోవాలి, అందుకే అది పగటి లిస్టులో పెట్టలేదు. ఇంకోరోజు రంగశంకరలో నాటకం. అక్కడ టైం దాటితే లోపలికి పంపరు. చీర విప్పి, మేకప్ తీసి, మొహం మామూలు చేసుకోవడానికి గంట లెక్కేసుకోండి. కట్టుకోవడానికి గంటన్నర.

హోటల్ గురించి. ఇద్దరి ఐడీలూ చూపించాలి కాబట్టి మామూలు బట్టల్లోనే చెకిన్ అవ్వండి. మొదటిసారి మేం ఎవరికీ చెప్పకుండా చీరలో దిగి వెళ్ళాం. తిరిగొచ్చిన పది నిమిషాలకి రిసెప్షన్ నుంచి ఫోను, "మేడం, మీ రూములో ఇంకో లేడీ ఉన్నారా? రిజిస్టర్‌లో ఇద్దరి పేర్లే ఉన్నాయి" అని. నా గుండె జారిపోయింది, ఏదో గొణిగి పెట్టేశాను. రెండోసారి బుక్ చేసేముందే ఫోన్ చేసి చెప్పేశాను, "మావారు పగలు చీర కట్టుకుని బయటికి వస్తారు, మీకేమైనా ఇబ్బందా" అని. అవతల రెండు సెకన్లు చప్పుడు లేదు. తర్వాత "ఓకే మేడం, బ్రేక్‌ఫాస్ట్ ఇద్దరికేనా?" అన్నాడు. అంతే. ఇబ్బంది అనుంటే ఇంకో హోటల్ చూసుకునేవాళ్ళం, దానికి ముందే తెలియడం మంచిది కదా.

చట్టం సంగతి కూడా అడిగారు. మన దేశంలో మగాడు చీర కట్టుకుని రోడ్డు మీద నడవకూడదని చట్టం ఏదీ లేదు. 2014లో నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసు తీర్పులో సుప్రీంకోర్టు, మనిషి తన జెండర్‌ను బట్టల ద్వారా చూపించుకోవడం కూడా భావప్రకటన స్వేచ్ఛలో భాగమే అంది. అది ముఖ్యంగా ట్రాన్స్‌జెండర్ల హక్కుల కేసు, మావారి సంగతి వేరు, అయినా ఆ మాట తెలిసి ఉండడం ధైర్యం. పోలీసులు ఆపితే గొంతు మార్చకుండా, అసలు పేరు చెప్పి, ఐడీ చూపించడమే. మమ్మల్ని ఎవరూ ఆపలేదు.

బట్టల దగ్గర మొదటిసారి ఆయన చెప్పినట్టు విన్నాను, తప్పయింది. పట్టుచీర, కాసులపేరు, చేతినిండా గాజులు. శనివారం పొద్దున పదింటికి పార్కులో అలా ఎవరు తిరుగుతారు? పెళ్ళికూతురి మేనత్త తప్పిపోయినట్టుంది. జనం చూసింది ఆయన మగాడని కాదేమో, ఆ కాసులపేరుకేనేమో. రెండోసారి చీర నేనే తీశాను, లేత ఆకుపచ్చ మంగళగిరి కాటన్, సన్న జరీ అంచు, మోచేతుల దాకా జాకెట్టు. కాటన్ అయితే కుచ్చిళ్ళు జారవు. ఆయన 5 అడుగుల 9 అంగుళాలు, కాబట్టి హీల్స్ అడిగినా ఒప్పుకోలేదు. లేడీస్ చెప్పులు మామూలు షాపుల్లో 8 సైజు దాటి దొరకడం కష్టం, కొల్హాపురి రకం అయితే మగవాళ్ళవే తీసుకున్నా ఎవరికీ తెలియదు. గడ్డం నీలం నీడ కనబడకుండా ముందు ఆరెంజ్ కరెక్టర్ పలచగా రాసి, దాని మీద ఫౌండేషన్. రెండో రోజుకి చుడీదార్ వేసుకున్నారు. నిజం చెప్పాలంటే మొదటిసారి బయటికొచ్చేవాళ్ళకి అదే సుఖం, దుపట్టా మెడచుట్టూ వేస్తే గొంతుముడి కూడా కనిపించదు.

విగ్గు ఆన్‌లైన్‌లో కొన్న సింథటిక్‌ది. కొండ మీద ఇచ్చిన తలనీలాలు వేలంలో అమ్ముడుపోయి ఎక్కడెక్కడో సవరాలు, విగ్గులు అవుతాయి, కొండ కిందే ఉన్న మా ఇంట్లో మాత్రం ప్లాస్టిక్ జుట్టు. ఆయన దీని మీద రోజుకో జోకు వేస్తారు.

ఇక అసలు తిప్పలు, టాయిలెట్టు. దీని మీద మీ అభిప్రాయం వేరే ఉండొచ్చు. నేనైతే లేడీస్ టాయిలెట్‌లోకి వద్దన్నాను, లోపలున్న అమ్మాయికి ఆయన ఎవరో ఏం తెలుసు? చీరలో జెంట్స్‌కి వెళ్ళడం ఆయనకి భయం. అందుకని ఒంటిగది టాయిలెట్ ఉన్నచోట్లు చూసుకుని తిరిగాం, పెద్ద మాల్స్‌లో వీల్‌చెయిర్ వాళ్ళకి కట్టినవి ఉంటాయి, వాళ్ళెవరూ లేరని చూసుకుని వాడుకోవాలి. మూడు గంటలకోసారి రూముకి వచ్చేలా హోటల్ దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది. నీళ్ళు తాగడం మాత్రం మానేయనివ్వకండి. మెట్రోలో కూడా చెకింగ్‌కి ఆయన మగవాళ్ళ లైన్లోనే వెళ్ళారు. గార్డు ఒకసారి పైకీ కిందకీ చూసి, డిటెక్టర్ తిప్పి, "హోగి" అన్నాడు, వెళ్ళండి అని. సిటీ బస్సులో మాత్రం కండక్టర్ ఇద్దరినీ చూసి ఆధార్ అడిగాడు. కర్ణాటకలో 2023 జూన్ నుంచి ఆ రాష్ట్రం ఆడవాళ్ళకి మామూలు బస్సుల్లో ఫ్రీ కదా, అందుకు. "ఆంధ్రా అండీ, రెండు టికెట్లివ్వండి" అన్నాను. ఆయన చెవిలో "నన్ను ఆడమనిషి అనుకున్నాడు" అని గుసగుస. పన్నెండేళ్ళ కాపురంలో నన్ను చూసి కూడా అంత సంబరపడలేదు.

ఎవరూ చెప్పని సమస్య ఇంకోటి ఉంది. మీరు మీ ఆయన్ని ఏమని పిలుస్తారు? నేను "ఏమండీ" అంటాను. మెట్రోలో అలవాటుగా "ఏమండీ, దిగాలి" అన్నాను గట్టిగా. పక్కన కూర్చున్న తెలుగావిడ చటుక్కున తలెత్తి నన్ను చూసింది, పక్కన చీరలో ఉన్న ఆయన్ని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. మేం మా స్టేషన్ కంటే ముందే దిగిపోయాం. తర్వాత "అక్కా" అని ప్రయత్నించాను, నాకే నవ్వాగలేదు. చివరికి పిలవడం మానేసి మోచేతి మీద తట్టడం మొదలుపెట్టాను. ముందే ఏదో ఒకటి అనుకోండి.

చెడ్డవి లేవని కాదు. కబ్బన్ పార్కులో ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్ పైకెత్తి వీడియో తీయబోయారు. నేను నేరుగా వాళ్ళ వైపు నడిచి "ఏం నాయనా, దారి తప్పారా" అన్నాను తెలుగులోనే. జారుకున్నారు. అలాంటప్పుడు ఆయన మాట్లాడకూడదు, మీరే మాట్లాడాలి. ఆ తర్వాత కస్తూర్బా రోడ్డులో మ్యాప్ అనే ఆర్ట్ మ్యూజియానికి వెళ్ళిపోయాం, 2023లో తెరిచారు. బొమ్మలు చూడ్డానికి వచ్చినవాళ్ళు గోడలే చూస్తారు, హాయిగా రెండు గంటలు గడిచాయి.

మల్లేశ్వరంలో మాత్రం ఒకటి జరిగింది. ఎయిత్ క్రాస్ దగ్గర పూలమ్మే ఆవిడ దగ్గర ఆగాను. మల్లెలు మూర ఎంత అని నా వచ్చీరాని కన్నడంలో అడిగితే, "తెలుగులో అడుగమ్మా, మాది మదనపల్లే" అంది. నాకు మూర కొలిచి కోసి ఇచ్చింది. ఆయన నా వెనక, కొంచెం పక్కకి తిరిగి నిలబడి ఉన్నారు. ఆవిడ తల వంచి ఆయన చేతులు చూసింది, పాదాలు చూసింది. నా అరచేతులు చల్లబడ్డాయి. "మీ ఆయనకేం పెట్టవా?" అని ఇంకో మూర కొలిచింది, డబ్బులు మాత్రం రెండింటికీ లెక్కపెట్టి తీసుకుంది. ఆయన అక్కడే, ఆ రోడ్డు మీదే వంగి నిలబడితే విగ్గుకి పిన్నుతో గుచ్చాను.

వెళ్ళేముందు రెండు పనులు మర్చిపోకండి. ఫోన్లో ఫొటోలు తమంతట తామే బ్యాకప్ అయ్యే సెట్టింగ్ ఆపేయండి. మా ఇంట్లో అదే అకౌంట్ అత్తగారి ట్యాబ్‌లో కూడా ఉంది, ముళబాగిలు దాటాక గుర్తొచ్చి బండి పక్కకి ఆపి మరీ ఆపేశాను. ఇంకోటి, కాటుక. సబ్బుతో పోదు. కొబ్బరినూనె రాసి దూదితో తుడవండి, అదీ ఆదివారం రాత్రే. మావారు బద్ధకించి సోమవారం ఆఫీసులో కండ్లకలక అని అబద్ధమాడితే, పాపం వాళ్ళు ఇంటికి పంపించేశారు.

జనవరిలో మైసూరు అనుకుంటున్నాం. ఆ మంగళగిరి చీర మళ్ళీ అదే కడతానంటున్నారు. దాన్ని నేను ఈలోపు రెండు పేరంటాలకి కట్టేశాను, ఆయనకింకా తెలియదు.