ప్రభుత్వ రీసెర్చ్ గ్రాంట్ తీసుకున్న ప్రొఫెసర్ పౌర హక్కుల గురించి బయట మాట్లాడకూడదా?

అమెరికాలో అయితే మాట్లాడొచ్చు. గ్రాంట్ తీసుకున్నంత మాత్రాన నోరు కట్టేసుకోనక్కర్లేదు. తానిచ్చిన డబ్బు దేనికి ఖర్చవ్వాలో ప్రభుత్వం చెప్పగలదు. ఆ డబ్బును చూపించి, ప్రాజెక్టుకు సంబంధం లేని మాటలను అదుపు చేసే అధికారం మాత్రం దానికి లేదు. అంటే మలేరియా పరిశోధన ఖాతాలో కరపత్రాల ప్రింటింగ్ బిల్లు పెట్టకూడదు. అవే కరపత్రాలను జేబులో డబ్బుతో వేయించుకుంటే అడ్డు లేదు.

ఈ గీత బాగా కనిపించేది 2013 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పులో. విదేశాల్లో ఎయిడ్స్ నివారణకు పనిచేసే సంస్థలకు నిధులిస్తూ, వ్యభిచారానికి తాము వ్యతిరేకమని విధానంగా ప్రకటించాలని ప్రభుత్వం షరతు పెట్టింది. నిధులను వ్యభిచారం ప్రోత్సాహానికి వాడకూడదన్న మరో షరతు కూడా ఉంది, దాని మీద ఆ కేసులో గొడవే లేదు. కానీ ఫలానా అభిప్రాయం మాదేనని చెప్పించుకోవడం కుదరదని కోర్టు 6-2తో తేల్చింది.

చాలామంది పొరబడేది ఇంకోచోట. వాక్ స్వాతంత్ర్యానికి హామీ ఇచ్చే అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ యాజమాన్యం నుంచి కూడా కాపాడుతుందనుకుంటారు. అది కట్టడి చేసేది ప్రభుత్వాన్నే. ప్రభుత్వ యూనివర్సిటీకి అది వర్తిస్తుంది, ప్రైవేటుదానికి వర్తించదు. అక్కడ ప్రొఫెసర్‌కు ప్రధానంగా అండ నియామక ఒప్పందం, సంస్థ సొంత నియమాలు. ఇక గ్రాంట్ రెన్యువల్ టెన్షన్ అంటారా, ఎంత హక్కున్నా అది ఉండేదే. అభిప్రాయం నచ్చకే ఆపారని నిరూపించడం తేలిక కాదు.